ఆఖరి పడవ వచ్చేదాకా

అప్పట్లో నేను కొత్తగా పాస్టరునయ్యాను. ఎవరు కనబడినా వాక్యం చెప్పేయాలని ఉబలాటం. కోటబొమ్మాళి స్టేషన్లో పాసింజరు కోసం కూర్చుంటే, ఒకామె ఎండుచేపల గంప దింపుకుని నా పక్కన కూలబడింది. నా సెల్లులో ప్రసంగం విని, తానూ ప్రభువుని నమ్ముకున్నానని చెప్పింది. భర్త చేపల వేటకెళ్లి సముద్రంలో పోయాడట. శవం కూడా దొరకలేదట.

"ఆయన బాప్తిస్మం తీసుకున్నాడా అమ్మా?" అన్నాను.

"నేదు బాబూ. ప్రార్థనకే రానేదు."

"అయితే నరకం తప్పదమ్మా" అనేశాను. తలుచుకుంటే ఇప్పటికీ నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

ఆమె ఏడవలేదు. నా వైపు తిరిగి తిన్నగా చూసింది.

"మాలో ఆఖరి పడవ ఒడ్డుకి సేరేదాకా ఆడోళ్లెవులూ ఇంటికెల్లరు బాబూ. సొంత మొగుడొచ్చీసినా సరే, మిగతావోళ్ల కోసం నిలబడాల. రేపు నాను సచ్చినాక ప్రభువు లోపలికి రమ్మంటాడు. రానంటాను. నా మొగుణ్ణి అగ్గిలోంచి తెచ్చేదాకా గుమ్మం కాడే ఉంటాను."

"అక్కడ అలా ఒప్పుకోరమ్మా."

"ఒప్పుకోకపోతే ఏటి? నిలబడ్డం నాకు అలవాటే."

పాసింజరు వచ్చింది. గంప నెత్తికెత్తమంటే ఎత్తాను. చాలా బరువుంది.

ఇప్పటికీ ఎవరి సమాధి దగ్గరైనా నరకం గురించి నోరు తెరవబోతే, ఆ గంపతో ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంటుంది. పక్కకి తప్పుకోమనే ధైర్యం నాకింకా రాలేదు.