కీచు వినబడితే చెయ్యెత్తండి

ఆ ఆదివారం మధ్యాహ్నం మేకులక్క పాట సగంలో లేచి స్పీకర్ ప్లగ్గు పీకేసింది. సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు వెనక గదిలో గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్న వాళ్ళంతా ఉలిక్కిపడి చూశారు.

"నా ఆల్బమ్‌ని కడిగేశావు కదూ," అంది షాపు నడిపే మరిదితో, ప్లగ్గు అతని ముక్కు ముందు ఆడిస్తూ. "ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి మరీ వినిపిస్తున్నావు. ఒక్క కీచు లేదు. నీకు చేతులెలా వచ్చాయి?"

"నేను ముట్టుకోలేదు వదినా."

"నువ్వు ముట్టుకోని వస్తువుందా ఈ షాపులో? బాగున్న ఫోను కూడా విప్పి చూస్తే గాని నీకు నిద్రపట్టదు."

"ఒట్టు వదినా. ఉన్నది ఉన్నట్టే ఎక్కించా."

"ఆ ఒట్లు నీ కస్టమర్ల దగ్గర వేసుకో. రేపిస్తా, ఎల్లుండిస్తా అని."

డ్రాయింగ్ మాస్టారు నవ్వాపుకోలేక దగ్గారు. స్కూలు నుంచి రిటైరయ్యాక ఆయనకి ఆదివారమంటే ఈ గదే. మేకులక్క అటు తిరిగింది. "మీరు నవ్వకండి మాస్టారూ. ఈ కడుగుడు రోగం మొదలైందే మీ టేపుతో."

ఆ మాట మాత్రం నిజం. ఈ గదిలో చేరేవాళ్ళు వినేది గిటార్ ఒక్కటే. కరెంటు గిటార్ కాదు, చెక్క గిటార్. పాడేవాళ్ళు ఉండరు, డప్పులు ఉండవు, ఒక మనిషీ ఒక గిటారూ, అంతే. ఎవరో ఒకరు ఎక్కడో ఒక ఆల్బమ్ సంపాదించి తెస్తారు. పాత సామాన్ల కొట్లో దొరికిన క్యాసెట్టు అయినా సరే, ఎవరో పారేసిన మెమరీ కార్డులోది అయినా సరే, మొదటి నుంచి చివరిదాకా వినాలి. తెచ్చినవాళ్ళు గొప్పలు చెప్పకూడదు, వినేవాళ్ళు మధ్యలో నోరు విప్పకూడదు. విప్పితే టీ గ్లాసులు కడగాలి. నచ్చినవాళ్ళు కాపీ పట్టుకెళ్ళచ్చు. ఈ గదిలో గ్లాసులు ఎక్కువసార్లు కడిగింది ఎవరో చెప్పక్కర్లేదు.

కొన్నాళ్ళ కింద మాస్టారు ఒక పాత టేపు తెచ్చారు. లోపలంతా వాన కురుస్తున్నట్టు బుస. మరిది కంప్యూటర్లో ఏదో ప్రోగ్రామ్ పెట్టి ఆ బుస తీసేశాడు. దాంతోపాటు కీచులూ పోయాయి. మాస్టారు మురిసిపోయారు. మేకులక్క మాత్రం, "బుస తీయమంటే మనిషినే తీసేశాడు," అని పోట్లాడి వెళ్ళిపోయింది.

ఎడమచేతి వేళ్ళు ఒకచోటు నుంచి ఇంకోచోటికి తీగల మీద జారేటప్పుడు పుట్టే చిన్న చప్పుడుని ఆమె కీచు అంటుంది. వాయించేవాళ్ళు అది రాకూడదని నానా తంటాలూ పడతారట. ఆమెకి గిటార్ మీద ప్రేమ పుట్టింది దానివల్లే. షాపు తెరిచిన కొత్తలో మరిది ఎవరో వదిలేసిపోయిన పాత ఫోను ఆమెకిచ్చాడు. అందులో ఒక ఆల్బమ్ ఉండిపోయింది, వాయించిన మనిషి ఎవరో తెలీదు. ఒక పాట విని ఆమె ఫోను వెనక్కి తెచ్చింది. "దీంట్లో ఎలకలున్నాయి," అంది. మరిది పడీపడీ నవ్వి అసలు సంగతి చెప్పాడు. ఆమె నవ్వలేదు. మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విని, "అయితే వాడు పని చేస్తుంటే మనకి వినబడుతోందన్నమాట," అంది.

ఆ మాట ఎందుకందో తెలియాలంటే ఆమె పనిచేసే చోటు చూడాలి. మేకుల ఫ్యాక్టరీ. రేకుల కప్పు కింద వరసగా మెషిన్లు. ఒక వైపు నుంచి ఉక్కు తీగ మింగుతాయి, ముక్క కోస్తాయి, తలమీద కొడతాయి, మొన తీర్చి కింద ట్రేలోకి ఉమ్మేస్తాయి. ప్రతి మెషిన్ దగ్గరా ఒక మనిషి. ఆ మనిషి తుమ్మినా, ఏడ్చినా, తిట్టినా పక్క మెషిన్ దగ్గరున్న మనిషికి తెలీదు. అక్కడ మాటలన్నీ పెదాలతోనూ చేతులతోనూ. చివర్లో అద్దాల గది ఉంటుంది, తలుపు వేసుకుని మేనేజరు ఫోన్లో మామూలు గొంతుతో మాట్లాడుకుంటాడు. కంపెనీ చేతులకి గ్లవ్స్ ఇచ్చింది, కాళ్ళకి బూట్లు ఇచ్చింది. తెగిన వేలు తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు కంట్లో పడుతుంది మరి. చెవి నుంచి రక్తం కారదు. కారని గాయం కోసం ఆ కంపెనీ గోడకి తగిలించిన మందుల పెట్టెలో ఏమీ లేదు. కావలసినవాళ్ళు ప్యాకింగ్ గదిలోంచి దూది తెచ్చుకుని కుక్కుకోవాలి.

మేకులక్క అలాంటి ఒక మెషిన్ మీదే పెళ్ళికి ముందు చేరింది, ఇప్పుడు కూతురికి పెళ్ళీడు వచ్చింది. లారీ డ్రైవరైన మొగుడు ఇంట్లో ఉన్న నాలుగు రోజులూ టీవీ దగ్గర గొడవే. "పక్కవీధి వాళ్ళకి కూడా వార్తలు చెప్పాలా?" అంటాడు. "మీ ఇంట్లో అందరూ నోట్లో నీళ్ళు పోసుకుని మాట్లాడే రకం," అంటుంది ఆమె. కూతురు వంటింట్లోంచి పిలిస్తే ఈమె పలకదు. పలకలేదేమని అడిగితే, "గట్టిగా పిలవడానికి ఏం రోగం?" అని ఎదురు తిరుగుతుంది. ఊరందరూ గొణుగుతున్నారనే ఆమె నమ్మకం.

ఆ పాత ఫోను ఒకసారి నీళ్ళ డ్రమ్ములో పడి చచ్చింది. ఆల్బమ్ కాపీ మరిది కంప్యూటర్లో ఉంది కదా అని ఆమె ధైర్యం. కొత్తగా గదికి వస్తున్న నర్సమ్మ వినలేదంటే, ఇన్నేళ్ళ తర్వాత ఆ ఆదివారం అదే పెట్టించింది. తీరా వింటే కీచు లేదు. ఆమెకి లోకంలో ఇష్టమైన చప్పుడు అదొక్కటే. ఆ ఒక్కదాన్నీ సొంత మరిదే తుడిచేశాడు.

"సరే వదినా," అన్నాడు మరిది, అతనికీ రేగింది. "ఆ చచ్చిన ఫోను పట్రా. లోపలున్న పాటకి చావుండదు. బతికించి రెండూ పక్కపక్కన పెడతా. తేడా ఉంటే షాపుకి తాళం వేసి తాళంచెవి నీ చేతిలో పెడతా."

"తేడా లేకపోతే?"

"జన్మంతా గ్లాసులు నువ్వే కడుగు."

"అది ఇప్పుడు మాత్రం ఎవరు చేస్తున్నార్రా?"

తర్వాతి ఆదివారానికి ఫోను బతికింది. ముందు కంప్యూటర్లోది పెట్టాడు, తర్వాత ఫోన్లోది. మేకులక్క రెండు చేతులూ కట్టుకుని విన్నది. రెండోది అయిపోగానే లేచింది.

"దీన్నీ కడిగేశావా? దొంగవెధవా! బాగుచేస్తానని తీసుకుని ఇదీ నాశనం చేశావా?"

మాస్టారు నర్సమ్మ వైపు చూశారు.

"అక్కా, కూర్చో," అంది నర్సమ్మ. "అబ్బాయ్, ఫోన్లోది మళ్ళీ పెట్టు. అందరూ కళ్ళు మూసుకోండి. కీచు వినబడినప్పుడల్లా చెయ్యెత్తండి."

"ఇదేమన్నా చిన్నపిల్లల ఆటా?"

"నోరు మూసుకుని కళ్ళు కూడా మూసుకో అక్కా."

పాట మొదలైంది. మేకులక్క కాసేపు కళ్ళు మూసుకుంది. ఆమెకి నిదానం ఎక్కడిది? సగంలో తెరిచింది. మరిది చెయ్యి పైకి లేచి ఉంది. నర్సమ్మ చెయ్యీ లేచింది. డెబ్బై దాటిన మాస్టారు, మోకాళ్ళ నొప్పులతో మెట్టెక్కలేని మాస్టారు, కళ్ళు గట్టిగా మూసుకుని చెయ్యెత్తి దించుతున్నారు, మళ్ళీ ఎత్తుతున్నారు. అందరి చేతులూ ఒకేసారి లేస్తున్నాయి, ఒకేసారి దిగుతున్నాయి. ఆమె చేతులు మాత్రం ఒళ్ళోనే ఉన్నాయి.

పాట అయిపోయాక మాస్టారే ముందు మాట్లాడారు. మంచి మాట మాత్రం అనలేదు. "అయితే ఇన్నాళ్ళూ చెవులు లేకుండానే మమ్మల్నందరినీ తిట్టావన్నమాట."

"మాస్టారూ!" అన్నాడు మరిది.

"అననీరా," అంది ఆమె. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. గ్లాసులు ఆ పూట మరిది కడిగాడు.

నర్సమ్మ ఆమెని తను పనిచేసే ఆసుపత్రిలో పరీక్ష చేయించింది. సన్నని చప్పుళ్ళు వినే భాగం దెబ్బతిందన్నారు. ఏళ్ళ తరబడి మోత మధ్య ఉన్నవాళ్ళకి ముందు పోయేది అదేనట. "పోయింది రాదక్కా. ఉన్నది కాపాడుకోవాలి," అంది నర్సమ్మ. మేకులక్క ఏడవలేదు. "ఎవడు తీశాడో తెలిసింది. అనవసరంగా మరిదిని తిట్టా," అంది.

మర్నాడు ఫోర్‌మన్ దగ్గరికి వెళ్ళి, చెవుల్లో పెట్టుకునేవి అందరికీ కావాలంది.

"ఇంకా నయం, ఏసీ అడగలేదు," అన్నాడు ఫోర్‌మన్.

"అది మీ మేనేజరు గదిలో ఉంది కదా."

"ఏంటీ? గట్టిగా చెప్పు. వయసు మీద పడితే అందరి చెవులూ ఇంతేనమ్మా. దానికి కంపెనీ ఏం చేస్తుంది?"

"మా మాస్టారికి డెబ్బై దాటాయి. ఆయనకి చీమ నడిచినా వినబడుతుంది. ఆయన చేసిన పాపం బొమ్మలు గీయడం, నేను చేసింది మేకులు కొట్టడం. వయసు నామీదే పడిందా?"

"వెళ్ళి పని చూసుకో. ప్యాకింగ్ గదిలో దూదికేం కరువు?"

సాయంత్రం ఆమె షాపుకొచ్చి స్పీకర్ సంకన పెట్టుకుంది. "అది షాపుది వదినా, ఇవ్వను," అన్నాడు మరిది. "మీ అన్నకి చెప్తా," అంది ఆమె. "అన్న లారీ మీద ఉన్నాడు." "అందుకే నేనే పట్టుకెళ్తున్నా."

మధ్యాహ్నం భోజనాల షెడ్డులో మెషిన్లవాళ్ళు ఒక వైపు కూర్చుంటారు, విడిగా గోడలున్న గదిలో పనిచేసే ప్యాకింగ్ ఆడవాళ్ళు ఇంకో వైపు. మర్నాడు మేకులక్క స్పీకర్ బల్లమీద పెట్టి, పాత ఫోను దానికి తగిలించి అరిచింది. "ఇందులో గిటారుంది. వేళ్ళు తీగమీద జారితే సన్నగా కీచుమంటుంది. వినబడితే చెయ్యెత్తండి. పక్కవాళ్ళని చూసి ఎత్తొద్దు. పరువు కోసం ఎత్తొద్దు. మీ చెవులు మీవి."

"బహుమతి ఏంటక్కా?" అన్నాడు ఒకడు.

"చెయ్యెత్తడమే బహుమతి. నోరుమూసుకుని విను."

పాట మొదలైంది. ప్యాకింగ్ వైపు చేతులు లేచాయి. దిగాయి. మళ్ళీ లేచాయి. మెషిన్ల వైపు కొత్తగా చేరిన ఒకమ్మాయి ఎత్తింది, చుట్టూ చూసి భయపడి దించేసింది. మిగతావాళ్ళు మెడలు చాచి, అరచెయ్యి చెవి వెనక పెట్టుకుని, ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అన్నట్టు ఎదురుచూస్తున్నారు. అన్నం గిన్నెలు అలాగే ఉన్నాయి. బహుమతి అడిగినవాడు నవ్వు మానేశాడు.

ఫోర్‌మన్ వచ్చింది అప్పుడే. మెషిన్ మీద పనిచేసి, పైకి ఎదిగి, ఫోర్‌మన్ అయిన మనిషి.

"ఏంటీ తమాషా? ఆపండి!"

"కీచు వింటున్నాం."

"కీచేంటి, కీచు? ఎక్కడుంది కీచు? చక్కగా వాయిస్తుంటే! లేనిది ఉందని చెప్పి జనాన్ని రెచ్చగొడుతున్నావా? ఇందులో ఏ కీచూ లేదు!"

"వెనక్కి తిరిగి చూడండి," అంది మేకులక్క.

ఫోర్‌మన్ తిరిగాడు. ప్యాకింగ్ ఆడవాళ్ళందరి చేతులూ గాల్లో ఉన్నాయి. అతను ఆ చేతుల్నీ స్పీకర్‌నీ మార్చి మార్చి చూశాడు. చేతులు దిగాయి. అతనేదో అనబోయేలోపు మళ్ళీ లేచాయి. ఆపమని అతను మళ్ళీ అనలేదు. గుమ్మం దగ్గర నిలబడి, ఒక చెవి స్పీకర్ వైపు పెట్టి, పాట అయ్యేదాకా ఉండి వెళ్ళిపోయాడు.

మర్నాడు షెడ్డు గోడమీద కాగితం అంటించారు. భోజన సమయంలో స్పీకర్లు వాడితే చర్య తీసుకుంటారట. చెవుల గురించి అందులో ఒక్క అక్షరం లేదు. ప్రశ్న వేసిన నోరు నొక్కడం చవక, చెవి మూయడానికి రబ్బరు ముక్క ఇవ్వడం ఖరీదు. కంపెనీలు ఈ లెక్క ఎప్పుడూ తప్పవు.

కాగితం షెడ్డుకే. షాపుకి కాదు. ఆ ఆదివారం వెనక గది నిండి, ముందు గది నిండి, జనం రోడ్డు మీద నిలబడ్డారు. మెషిన్లవాళ్ళంతా వచ్చారు. ముందు పాట, తర్వాత నర్సమ్మ దగ్గర వరస, ఎవరు ఏ రోజు ఆసుపత్రికి రావాలో. ఆ పరీక్ష కాగితాలన్నీ పట్టుకుని ఇన్‌స్పెక్టరు దగ్గరికి కలిసే వెళ్ళాలని అనుకున్నారు.

"వదినా, ఇది షాపా, సంఘం ఆఫీసా?" అన్నాడు మరిది. "ఫోను బాగుచేయించుకునేవాడికి అడుగుపెట్టే సందు లేదు."

"ఎలాగూ రేపు రమ్మనే కదా చెప్తావు. పాట పెట్టు."

అందరి వెనకా, రోడ్డు అంచున ఫోర్‌మన్ నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదు, వెళ్ళిపోనూ లేదు. "దారి వదలండ్రా, ఆయన చెవులూ అదే మెషిన్ తింది," అంది మేకులక్క. ఆ తర్వాత అతని వైపు వేలు చూపించింది. "ఆ కాగితం మాత్రం రేపు నీ చేత్తోనే పీకు."

పాట మొదలైంది. ఈసారి ఆమె కళ్ళు మూసుకోలేదు. మరిది చెయ్యి వైపు చూస్తూ కూర్చుంది. కీచు వచ్చిన ప్రతిసారీ, ఎవరూ అడక్కుండానే, అతను బల్లమీద చూపుడువేలు ఎత్తి చూపిస్తున్నాడు. ఒకచోట కస్టమరెవరో పిలిస్తే తల తిప్పాడు; మాస్టారి చెయ్యి లేచింది, అతని వేలు లేవలేదు.

"ఏరా, ఒకటి మింగావు," అంది ఆమె. "మళ్ళీ మొదటి నుంచి పెట్టు."