ఏడో వారానికే ఆగిన నడక

పిండం పాఠం చెప్పే రోజు నేను ఇంటి నుంచి ఎండిన బీరపీచు ఒకటి తీసుకెళ్లేవాణ్ణి. నంద్యాల కాలేజీలో జంతుశాస్త్రం చెప్పినన్నాళ్లూ అదే అలవాటు. కణాల మధ్య ఉన్నది వట్టి ఖాళీ కాదని, ఇలాంటి సన్నని పీచుల అల్లిక ఉంటుందని, పిండంలో కణాలు ఆ పీచులను పట్టుకుని పాకుతూ తమ చోటికి చేరతాయని చెప్పేవాణ్ణి. పిల్లలు దాన్ని చేతులు మార్చుకుంటూ నవ్వేవారు.

నిరుడు నా కూతురికి మగబిడ్డ పుట్టాడు. రెండు రోజులైనా విరేచనం కాలేదు. పొట్ట ఉబ్బింది. మెడ దగ్గర బయలుదేరి పేగు పొడవునా నడిచి రావలసిన నరాల కణాలు చివరిదాకా రాలేదని కర్నూలు డాక్టరు చెప్పారు. ఆపరేషన్ చేశారు. చీము పట్టి, నెల తిరక్కుండానే బిడ్డ పోయాడు.

నా కూతురు టీచరు. కడుపుతో ఉన్న ఐదో నెలలో ఆమెకు ఆళ్లగడ్డ బడికి బదిలీ అయింది. నంద్యాల నుంచి రోజూ బస్సులో పోయి వచ్చేది. ఆ కుదుపులకే ఇట్లయిందని ఆమె అత్తగారు ఒక్కసారి అన్నారు, మళ్లీ అనలేదు. కూతురు మాత్రం ఆ మాటను వదల్లేదు. సెలవు అయిపోవచ్చినా బడికి పోనంది. బస్టాండు ఉన్న వీధిలోకే వచ్చేది కాదు.

ఒక మధ్యాహ్నం మా పెరట్లో గిన్నెలు తోముతూ అడిగింది.

"నేను ఇంట్లోనే ఉండింటే బతికేటోడు గదా నాయనా?"

ఆమె చేతిలో ఉన్నది బీరపీచే. దాన్ని తీసుకుని, కడిగి, విప్పి చూపిస్తూ పాత పాఠమే చెప్పాను. బిడ్డ పేగులో కణాలే చాలలేదో, పీచు బిగుసుకుని దారి ఇవ్వలేదో ఎవరూ చెప్పలేరన్నాను.

"ఏదైనా గానీ, ఆ నడక ఏడో వారం నాటికే అయిపోతాదమ్మా. నువ్వు బస్సెక్కింది ఐదో నెలలో. నీ బస్సుకూ దానికీ సంబంధం లేదు."

ఆమె నీళ్లు కారుతున్న గిన్నెను చూస్తూ కూర్చుంది. మా ఇళ్లలో మూడో నెల నిండేదాకా కడుపు సంగతి ఎవరికీ చెప్పరు.

"అట్లయితే, నేను నీకు కడుపని ఫోన్ చేసేటాలకే ఆగిపోయింటాది. నువ్వు కోవా తెచ్చి అందరి నోట్లో పెడతాన్నప్పుడు గూడా."

అవునన్నాను. కోవా పంచిన ఆ రోజు డైరీలో 'ఇంటిల్లిపాదీ కులాసా' అని రాసుకున్నాను. దాన్ని ఇప్పటికీ కొట్టివేయలేదు.

సోమవారం ఆమె ఆళ్లగడ్డ బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చుని, బస్సు కదిలేదాకా రెండు చేతులూ ఒళ్లోనే పెట్టుకుంది.