కళ్ళు అప్పజెప్పిన పన్నెండు గంటలు

సుమలతకు కోపం వస్తే గొంతు లేస్తుంది. లేవదా మరి? సిరిసిల్లలో సాంచాల చప్పుడు మధ్య పుట్టి పెరిగిన పిల్ల. సాంచాలంటే మరమగ్గాలు. వాళ్ళింటి గోడకు ఆనుకునే కార్ఖానా ఉంది. తండ్రి చిన్నయ్య వీర్నపల్లి నుంచి కూలికి వచ్చి, ఇరవై ఏళ్ళుగా అందులోనే ఎనిమిది సాంచాలు నడుపుతున్నాడు. ఆ ఇంటి పిల్ల ఇప్పుడు సర్కారు స్కాలర్‌షిప్పుతో పక్క రాష్ట్రంలో విమానం నడపడం నేర్చుకుంటోంది. రేడియోలో ఆమె మాట్లాడితే టవర్ వాళ్ళ చెవులు పగులుతున్నాయని తోటివాళ్ళు నవ్వేవారు. పళ్ళు బిగబట్టి నాలుగు నెలల్లో గొంతు దించుకుంది. ఈ ఆదివారం పొద్దున మాత్రం దించుకునే ఓపిక ఆమెకు లేదు. సిరిసిల్లలో వాళ్ళింట్లోనే, ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో జలపతి కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

జలపతిది కోరుట్ల. అదే ఫ్లయింగ్ స్కూల్లో సీనియర్, లైసెన్సు చేతికొచ్చినవాడు. సుమలతకు సేఫ్టీ పైలట్‌గా పన్నెండు గంటలు పక్కన కూర్చున్నాడు. కూర్చున్నాడంతే, అదే ఆమె మంట.

మబ్బు కమ్మి బయట ఏమీ కనిపించకపోయినా, మీటర్లను నమ్ముకుని రన్‌వే దాకా దిగడం రావాలి పైలట్‌కు. అది నేర్చుకునేటప్పుడు నుదుటి మీద చూరులాంటి టోపీ పెడతారు. ముందున్న మీటర్లు, కింద మోకాళ్ళు తప్ప ఇంకేమీ కనపడవు. ఆకాశంలో ఎవరొస్తున్నారో చూడాల్సింది పక్కనున్న సేఫ్టీ పైలట్. అతను అక్కడ ఉన్నదే అందుకు.

వేరేవాళ్ళతో ఎగిరినప్పుడు సుమలత రెండు నిమిషాలకోసారి "బయట క్లియరా?" అని అడిగేది. వాళ్ళు తల తిప్పి చూసి జవాబు చెప్పేవాళ్ళు. జలపతిని అడగలేదు. పరాయి రాష్ట్రంలో దొరికిన మనవాడు, అన్నా అని పిలిచిన మనిషి. అడిగితే నమ్మనట్టుంటుందని మొహమాటపడింది. ఆ మొహమాటాన్ని తలుచుకుంటే ఇప్పుడు తన చెంప తనే వాయించుకోవాలనిపిస్తోంది.

పది రోజుల కిందట జలపతి పక్కనుండగా, టోపీ పెట్టుకుని అలాగే దిగుతోంది. రన్‌వే దారి చూపే మీటర్లో సూది మధ్యలో ఉంది, ఎత్తు పదిహేను వందల అడుగులు. రేడియోలో తన చోటు చెప్పింది. వెంటనే ఇంకో అమ్మాయి గొంతు వినిపించింది. అదే చోటు, అదే ఎత్తు చెబుతోంది.

"అన్నా, ఆ విమానం కనిపిస్తున్నదా?"

"ఆ, కనిపిస్తున్నది. నువ్ పో."

టోపీ అంచు కింద నుంచి ఆమెకు అతని మోకాలు కనిపించింది. మోకాలి మీద ఫోను. ఫోను మీద బొటనవేలు కదులుతోంది.

టోపీ పీకి పారేసింది. అద్దం నిండా ఇంకో విమానం, దాని చక్రాల మీది బురద కూడా కనిపించింది. కుడికి తిప్పి, పైకి లాగి, తప్పుకుంటున్నానని టవర్‌కు చెప్పింది. దిగాక రిపోర్టు రాసి ఇచ్చింది. విచారణ తేలేదాకా ఇద్దరూ ఎగరకూడదని స్కూలు ఆపేసింది, ఇద్దరూ ఇళ్ళకు వచ్చేశారు.

రిపోర్టు వాపసు తీసుకోమని అడగడానికే జలపతి కోరుట్ల నుంచి బత్తాయిలు పట్టుకుని వచ్చాడు.

"కాకా, గింతంత దానికి గింత లొల్లి చేసింది," అన్నాడు చిన్నయ్యతో. "ఏం కాలే కదా?"

"నేను టోపీ తీసిన గాబట్టి కాలే!" సుమలత అరిచింది. "ఆ విమానంల పోరి ఒక్కతే ఉన్నది. సచ్చిపోతుండె!"

తల్లి పోశవ్వ బీడీల చాట పక్కకు పెట్టి, "మెల్లగ బిడ్డా, ఇంటికొచ్చిన మనిషి," అంది.

జలపతి గ్లాసు కింద పెట్టాడు. "చూడు సుమా, నేను చూడలేదని తేలితే నేను సంతకం పెట్టిన పన్నెండు గంటలు పోతయి. స్కాలర్‌షిప్పుల మళ్ళ గంటలు ఇయ్యరు. నీ లైసెన్స్ ఏడాది వెనుకకు పోతది. నీ మంచికే చెప్తున్న."

బెదిరింపునూ మంచి మాటనూ ఒకే గొంతుతో చెప్పగలిగే మనుషులుంటారు. ఏడాది అన్న మాటకు పోశవ్వ మొహం మాడింది.

"సారూ, ఒకటి అడుగుత," అన్నాడు చిన్నయ్య. "మా కార్ఖానల చాయ్‌కి పోవాల్నంటే పక్కోనికి సాంచాలు అప్పజెప్తం. ఉత్తగ చూడుమని పోం. ఒక్కో సాంచ మీద చెయ్యి పెట్టి చూపెడుతం. ఆడు ఒక్కోదానికి ఔనంటడు. మా తమ్ముడు ఎల్లేశం పక్కనే చేస్తడు. సొంత తమ్ముడే. వానికి గూడ ఇరవై ఏండ్ల సంది గట్లనే చూపెడుతున్న. వాడు ఎన్నడు కోపం చెయ్యలే. ఔనని చూడకుంటె, ఆ రోజు ఖరాబైన గుడ్డకు పైసలు వాడే కడ్తడు. మరి నువ్ ఔనన్నవ్ గదా?"

జలపతి బత్తాయిల సంచిని పోశవ్వ వైపు జరిపాడు.

సుమలతకు తండ్రి మీద కూడా కోపం వచ్చింది, ఈ సంగతి ముందే చెప్పనందుకు. ఆయనేం చేస్తాడు, ఆమె ఎప్పుడు అడిగింది గనుక? సొంత తమ్ముడికైనా చెయ్యి పెట్టి చూపిస్తారట. తను కోరుట్ల మనిషని కళ్ళు మూసుకుని కూర్చుంది.

లోపలికి వెళ్ళి లాగ్‌బుక్కు తెచ్చింది. ఎగిరిన ప్రతి గంటా అందులో ఉంటుంది. జలపతి సంతకాలున్న పేజీ తెరిచి, స్కేలు పెట్టి మొదటి వరుస మీద అడ్డంగా గీత కొట్టింది.

"ఏం చేస్తున్నవే!" పోశవ్వ లేచింది.

"చూడని గంటలు నాకద్దు."

తొమ్మిది వరుసలు, పన్నెండు గంటలు. పెన్ను నొక్కి నొక్కి కొట్టింది, కాగితం వెనకవైపు అచ్చు తేలేట్టు. ఒక్కో గీత పక్కన తన పొట్టి సంతకం పెట్టింది. ఏడాది పోయింది. ఈ మనిషి ముందు మాత్రం ఏడవదల్చుకోలేదు.

పుస్తకం జలపతి ముందుకు తిప్పి, పెన్ను అతని చేతిలో పెట్టింది.

"కొట్టేసినదానికి నీ సంతకం గూడ కావాలె. ఈసారన్న చూసి పెట్టు."