దుప్పటి కింద పాలక్యాను

హాలోవే కాలేజీతో ఏటా అమెరికన్ ఫుట్‌బాల్ పోటీ జరిగే రోజంతా లార్నా ప్రాణాలు గుప్పెట్లో పెట్టుకుని గడుపుతుంది. తమ కాలేజీ ఆటగాళ్ల బట్టలు ఉతికే మనిషి ఆమె. గెలిచినవాళ్లకి దక్కేది ఓ పాతకాలపు రేకు పాలక్యాను. కిందటేడు గెలిచినవాళ్లు దానికి దుప్పటి కప్పి మైదానం అంచున ఉంచాలి. ఆట ముగిసేదాకా ముసుగు తీయకూడదు. ఓడిపోతే అవతలివాళ్లు పరుగున వచ్చి ఎత్తుకుపోతారు. కిందటేడు గెలిచింది తన జట్టే, అందుకే లార్నా దానిమీదే కూర్చుంది, బుగ్గన పిప్పరమెంటు పెట్టుకుని, బంతికేసి కాక వాళ్ల బూట్లకేసి చూస్తూ.

"రెండు పాయింట్లు మనమే ముందున్నాం, ముసుగు తీసెయ్యండి మిస్ లార్నా! కుళ్లి చస్తారు," అన్నాడు కాలికి కట్టుతో పక్కనే కూర్చున్న తమ ఆటగాడు డెరిక్. "నోర్ముయ్యరా! ఇంకా ఒక తన్ను మిగిలుంది వాళ్లకి," అంది లార్నా. ఆ తన్నుకి బంతి గోలుకర్రల మధ్యనుంచి పోతే హాలోవేకి మూడు పాయింట్లు, అంతా అయిపోయినట్టే. బంతి లేచింది. లార్నా కళ్లు మూసుకుంది. పిప్పరమెంటు పళ్లకింద పటుక్కుమంది. క్షణం తర్వాత నేల దడదడలాడింది. ఆ చప్పుడు తనవైపే వస్తోంది. లేచి, దుప్పటి తనే లాగేసింది. "మెల్లగా పట్టుకోండి నాయనా," అంది, మీదికి దూసుకొస్తున్న హాలోవే ఎర్రచొక్కాలతో, "ఎడమ పిడి వదులుగా ఉంది."