అమ్మమ్మ మర్చిపోయిన పాట

అమ్మమ్మ బతుకమ్మ పాటను మధ్యలో మర్చిపోయిందన్న సంగతి నేను ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు, అమ్మకు కూడా. ఈ సాయంత్రం మా వాడలో పాట ఎత్తేది నేనే. పొద్దున హన్మకొండ మార్కెట్లో తంగేడు పూల పచ్చి వాసన తగలగానే అదంతా గుర్తొచ్చింది.

అప్పట్లో పాట ఎత్తేది అమ్మమ్మ. ఆమె ఒక వరుస పాడితే, చుట్టూ తిరిగే ఆడవాళ్లంతా చప్పట్లు కొడుతూ "ఉయ్యాలో" అని అందుకునేవాళ్లు. నేను ఆమె కొంగు పట్టుకుని పెదవులు మాత్రం కదిపేదాన్ని. బడిలో హాజరు పిలిచినా నా గొంతు పక్కపిల్లకు వినపడేది కాదు.

ఒక ఏడాది పాట నడుమ అమ్మమ్మ ఆగిపోయింది. చప్పట్లు తడబడ్డాయి.

"ఏందక్కా, ముసలిదానివైనవా? ఇగ నేనెత్తనా?" అని నవ్వింది ఎదురింటి సరోజనమ్మ.

అమ్మమ్మ నా చెవి దగ్గరకు వంగింది. "యాదికొస్తలేదు బిడ్డా. జర నువ్వందుకో, నా ఇజ్జత్ పోతది."

ఆమె పరువు కోసం కళ్లు గట్టిగా మూసుకుని పాడాను. వాడంతా "ఉయ్యాలో" అంది. నా ఒక్క గొంతుకు అంతమంది బదులు పలికారు! కళ్లు తెరిచేసరికి పాట చివరిదాకా వచ్చేశాను. సరోజనమ్మ చప్పట్లు కొడుతోంది, అమ్మ నోరు తెరుచుకుని చూస్తోంది.

నిరుడు దవాఖానలో అమ్మమ్మ అదే పాటను ఒక్క మాట పొల్లుపోకుండా సన్నగా పాడుకుంటోంది.

"ఆ యేడు మర్చిపోయినవ్ గదా అమ్మమ్మా?" అన్నాను.

ఆమె కొంటెగా నవ్వింది. ఆ తర్వాత అన్నవే ఆమె నాతో అన్న చివరి మాటలు.

"నేనా, మర్చిపోవుడా? పాడు బిడ్డా, గట్టిగ పాడు. నీ పాట ఇంటాన."