నలభై మందికి పెట్టిన పసుపు బట్టలు

జాయ్, జెస్సీ, పోయిన వారం మీరిద్దరూ ఆ ఆటలో మా జట్టులో చేరారు కదా. చేరిన అరగంటకే నాగ్‌పూర్ నుంచి ఫోన్ చేసి ఒకటే ప్రశ్న. "అమ్మమ్మా, నువ్వు కోటలోకి రాగానే అంతంత కత్తులున్న వీరులందరూ వంగి 'బాక్' అంటున్నారేంటి?" అని. నేను కూర మాడుతోందని చెప్పి ఫోన్ పెట్టేశాను. నిజానికి ఆ రోజు మా ఇంట్లో కూరే లేదు. ముందు రోజు పప్పుతో సరిపెట్టుకున్నాం.

ఇక దాచలేను. మీ స్నేహక్క ఆరు నెలల కష్టాన్ని నేను ఒక్క వేలితో ఎలా నీళ్ళపాలు చేశానో చెప్తాను. భూకంపం వచ్చినా కొన్ని గోడలు మిగులుతాయి. నా దెబ్బకి నలభై మందిలో ఒక్కరు కూడా మిగల్లేదు. అప్పటికి నాకింకా అరవై ఎనిమిదేళ్ళే. పసితనం, లోకజ్ఞానం తక్కువ. అలా అనుకుని వినండి.

స్నేహ ఉద్యోగానికి పూణే వెళ్ళాక ఫోన్‌లో మాకు మాటలు కరువయ్యాయి. "తిన్నావా?" అంటే "హాఁ, తిన్నాను." "ఏం తిన్నావు?" అంటే "ఖానా." అంతే. ఒకరోజు తనే అంది. "అమ్మమ్మా, ఫోన్‌లో ఏం మాట్లాడతాం, నువ్వు గేమ్‌లోకి ఆజా. రోజూ కలిసి తిరుగుదాం." మీ తాతయ్య పాత కంప్యూటర్ దుమ్ము దులిపారు. నేను మూలికలమ్మే ముసలమ్మనయ్యాను. గోధుమరంగు శాలువా, చేతిలో కర్ర, వీపు మీద బుట్ట. అద్దంలో చూసుకున్నట్టే ఉంది, బుట్ట తప్ప.

అది కత్తులు, కోటలు, మంత్రాలు ఉన్న పాతకాలపు లోకం. కానీ ఆ లోకంలో ఒక దుకాణం ఉంది. అక్కడ వేషాలు అమ్ముతారు. వాటివల్ల బలం రాదు, దెబ్బ తగ్గదు, ఊరికే సోకు. నేను చేరిన మొదటి రోజే ఒక వీరుడు గుర్రం మీద వెళ్ళాడు. తలకి గులాబీరంగు పిల్లి చెవులు, కళ్ళకి నల్లద్దాలు, వీపుకి సీతాకోకచిలుక రెక్కలు. వెళ్తున్నది ఎవరిదో అంత్యక్రియలకి.

మా జట్టు అలాంటిది కాదు. మా దళపతి పేరు లోహసింహ. గడ్డం బొడ్డుదాకా. ఆయన మాట్లాడేది పాత నాటకాల హిందీ. "ఈ లోకంలోకి వచ్చాక మునిగిపోవాలి, బయటి లోకం గుర్తుకు రాకూడదు" అనేవాడు. మునగడం గురించి మాకు ఒకరు చెప్పాలా? మా బాప్తిస్మపు తొట్టిలో తల పైకి తేలితే పాస్టరుగారు మళ్ళీ ముంచుతారు. సగం మునిగితే లెక్కలోకి రాదు.

పైగా మన చర్చిలో ముప్పై ఏళ్ళపాటు క్రిస్మస్ నాటకానికి బట్టలు కుట్టింది నేను. ఒక ఏడు కాసిడీహ్ పేట కుర్రాడొకడు చేతి వాచీతో యోసేపు వేషం వేశాడు. గాడిద పక్కన నడుస్తూ టైమ్ చూసుకున్నాడు. ఆ వాచీని నేను నాటకం మధ్యలోనే లాక్కున్నాను. అలాంటిదాన్ని పిల్లి చెవులు చూసి ఊరుకుంటానా?

నెల తిరిగేసరికి లోహసింహ నన్ను జట్టుకి వేషాల తనిఖీ అధికారిణిని చేశాడు. ఒకమ్మాయికి పచ్చ బూట్లున్నాయని వెనక్కి పంపాను. ఒకాయన కిరీటానికి మెరుపులెక్కువని తీయించాను. నేను గొంతు పెంచి మాట్లాడను, మీకు తెలుసు కదా. "నాన్నా, ఆ టోపీ తీసెయ్" అని మెల్లగా అనేదాన్ని. అరిచే లోహసింహకన్నా నాకే ఎక్కువ భయపడేవాళ్ళు. జట్టు చట్టంలో ఒక నియమం కూడా రాయించాను. "ఈ లోకానికి చెందని బట్ట ఎవరి ఒంటిమీద కనిపించినా వాళ్ళు ఆ క్షణమే జట్టు బయట. దళపతికైనా మినహాయింపు లేదు." ఆ చివరి వాక్యం ప్రత్యేకంగా నాది. గుర్తుపెట్టుకోండి.

ఇంతలో లోహసింహకి పరీక్షలొచ్చాయి. ఆ గడ్డం వెనక ఇంజనీరింగ్ పిల్లాడున్నాడని అప్పుడే తెలిసింది. దళపతి పదవి వదిలేస్తానన్నాడు. ఆ పదవి కోసం మీ స్నేహక్క ఆరు నెలలు కష్టపడింది. యుద్ధాల్లో ముందు నిలబడింది, తగువులు తీర్చింది, ప్రమాణం చేసే పాఠం బట్టీ పట్టింది. ఆదివారం మధ్యాహ్నం ప్రమాణం. "అమ్మమ్మా, నువ్వు చర్చి నుంచి సీధా వచ్చెయ్. నా జిందగీలో ఫస్ట్ టైమ్ ఎవరో నన్ను లీడర్ అంటున్నారు" అంది. ఆఫీసులో తనని ఎవరూ పట్టించుకోరని నాకు తెలుసు. అందుకే ఆ మాట గుండెల్లో దిగింది.

మనవరాలి శుభకార్యం. పెద్దదాన్ని, ఒట్టి చేతులతో వెళ్తానా? బట్టలు పెట్టాలి. స్నేహ ఒక్కదానికే పెడితే మిగతావాళ్ళు ఏమనుకుంటారు? పెడితే అందరికీ పెట్టాలి. రోజూ ఆటలోకి వెళ్తే హాజరు వేసి ఆ దుకాణంలో చెల్లే కానుక చీట్లు ఇస్తారు. ముప్పై ఆరేళ్ళు డ్యూటీకి ఒక్కరోజు ఆలస్యం కాని మనిషితో కాపురం చేశాను. ఆ హాజరు నేను మాత్రం తప్పుతానా? నా దగ్గర చీట్లు గుట్టగా ఉన్నాయి.

ఆదివారం చర్చి నుంచి భాలుబాసాలోని మా ఇంటికి వచ్చి చూసుకుంటే కళ్ళద్దాలు లేవు. చర్చిలో పాటల పుస్తకంలో పెట్టి మరిచిపోయాను. తిరిగి వెళ్తే ప్రమాణం అయిపోతుంది. తెర మీద కోట దర్బారు నిండిపోయింది. లోహసింహ వీడ్కోలు ప్రసంగం మొదలుపెట్టాడు. అది పూర్తయ్యేలోపు బట్టలు కొనేద్దామని నేను దుకాణం తెరిచాను. పక్కన మీ తాతయ్య కుర్చీ వేసుకున్నారు. ఆయనవి దూరపు చూపు అద్దాలు. గోడమీది క్యాలెండర్ బాగా కనిపిస్తుంది, ముందున్న తెర కనిపించదు.

"ఏటే, ఏటి కొంతన్నావు?"

"పసుపు పట్టులాగ ఉందండీ. కింద కనకాంబరం రంగు అంచు. బొమ్మ సిన్నది, సరిగ్గా కనపడతల్లేదు."

"పసుపంటే శుభమే గదా. తీసుకో."

మీ తాతయ్య కంపెనీలో క్రేన్ నడిపినాయన. నా చేతిలోని మౌస్‌కి సైగలు మొదలుపెట్టారు. "ఎడమకి. ఇంకొంచెం. ఆఁ, ఆగు. దింపు."

దింపాను. జట్టులో అందరి పేర్లూ వచ్చాయి. పెట్టేవాళ్ళు తమకి తాము పెట్టుకోరు కాబట్టి నా పేరొక్కటి తీసేశాను. అప్పుడు అది ప్రశ్నలు మొదలుపెట్టింది. తెరకి ముక్కు ఆనించి కూడబలుక్కున్నాను.

"ఇప్పుడే కట్టుకోవాలా, పెట్టెలో దాసుకోవాలా అంటందండీ."

"పెట్టెలో దాత్తే ఏటవుద్ది?"

"సుశీలమ్మ కత అవుద్ది."

ఇక్కడ కాస్త ఆగి సుశీలమ్మ కథ చెప్పాలి. గమ్హరియాలో ఉండే మీ తాతయ్య చెల్లెలు. వాళ్ళ గృహప్రవేశానికి నేను నీలం చీర పెట్టాను, ఫాల్ నేనే కుట్టి మరీ. నాలుగేళ్ళ తర్వాత ఎవరిదో పెళ్ళిలో నాకు ఒక నీలం చీర పెట్టారు. విప్పి చూస్తే నా కుట్టే. ఆ చీర మూడు ఇళ్ళు తిరిగి, ఒక్కరి ఒంటి మీదికీ ఎక్కకుండా, మడత నలగకుండా సొంతూరు చేరుకుంది. ఆ రోజే తీర్మానించుకున్నాను, నేను పెట్టిన బట్ట ఇక పెట్టెలో పడుకోకూడదని.

"ఇప్పుడే కట్టుకోవాలి" అన్నదాని మీద నొక్కాను.

"ఇంకోళ్ళకి ఇవ్వొచ్చా అని అడుగుతందండీ."

"ఇవ్వకూడదని కొట్టు. ఎవులకీ ఇవ్వకూడదు."

"ఏడు రోజులు ఇప్పకుండా ఉంచాలా అంటంది."

తాతయ్య ఒక్క క్షణం ఆలోచించారు. "ఏడ్రోజులు కడితే మాసిపోద్దేటి? అది కంప్యూటర్‌లోది గదా. ఓకే కొట్టేయ్. లోడ్ గాల్లో ఎంతసేపు ఉంచుతావు?"

ఓకే కొట్టాను.

దర్బారులో లోహసింహ కత్తి ఆకాశానికెత్తాడు. "వీరులారా, ఈ పవిత్ర సభలో బయటి లోకపు నీడ కూడా పడరాదు" అన్నాడు. పడలేదు. నీడ పడలేదు, బాతు పడింది.

నలభై మంది వీరులూ నలభై బాతులయ్యారు. పసుపు పట్టనుకున్నది ఈకలు. కనకాంబరం అంచనుకున్నది కాళ్ళు. లోహసింహ గడ్డం ఉన్నచోట ముక్కు, కత్తి ఉన్నచోట రెక్క. స్నేహ సింహాసనం మెట్ల మీద అప్పుడే మోకరించింది. వెనకనుంచి చూస్తే గుడ్లు పొదుగుతున్నట్టుంది. ఆ వేషానికి ఇంకో గుణం కూడా ఉంది. నడిస్తే బాక్. ఆగితే బాక్. వంగితే రెండు బాక్‌లు. అందరూ కంగారుగా ఒకరివైపు ఒకరు తిరిగారు. దర్బారంతా మార్కెట్ రోజు సాక్చీ కోళ్ళ సందులా మోగిపోయింది.

"ఎవరిది ఈ దుశ్చర్య?" అన్నాడు లోహసింహ. అని ఒకడుగు ముందుకేశాడు. బాక్.

తెర మీద పెద్ద అక్షరాలతో నా పేరు వచ్చింది. "మూలికల ముసలమ్మ ప్రేమతో ఇచ్చిన కానుక." ఆ అక్షరాలు మాత్రం కళ్ళద్దాలు లేకుండా బాగా కనిపించాయి.

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందంటారు. ఆ బల్లి నయం, ఒక్కతే పడింది. నేను నలభై మందినీ తోక పట్టుకుని లాక్కుపోయాను.

జట్టులో లేఖరి ఒకడుంటాడు, చట్టం వాడి దగ్గరే ఉంటుంది. వాడు నిదానంగా నియమం చదివాడు. "ఈ లోకానికి చెందని బట్ట ఎవరి ఒంటిమీద కనిపించినా వాళ్ళు ఆ క్షణమే జట్టు బయట. దళపతికైనా మినహాయింపు లేదు." చదివి, "అంటే మనమందరం బయటే. నేను కూడా" అన్నాడు.

"మరి జట్టులో మిగిలిందెవరు?" ఎవరో అడిగారు.

నలభై ముక్కులూ నావైపు తిరిగాయి. గోధుమరంగు శాలువాలో, కర్ర పట్టుకుని, ఆ మూల నేనొక్కదాన్నే మనిషిలా నిలబడి ఉన్నాను.

"చట్ట ప్రకారం దళపతి ఈవిడే" అన్నాడు లేఖరి.

మీ తాతయ్య నా భుజం తట్టారు. "సూసావా, ప్రమోషన్ వచ్చేసింది. నాకు పన్నెండేళ్ళు పట్టింది."

అప్పుడు మా ఇద్దరికే ఉన్న లైన్‌లో స్నేహ గొంతు వినిపించింది, సన్నగా. "అమ్మమ్మా, ఛే మహీనే. ఆరు నెలలు. అందరూ నవ్వుతున్నారు." అది ఏడుస్తోంది. బాతు ముఖం మీద మాత్రం ఎప్పుడూ ఒకటే నవ్వు.

అప్పుడెందుకో మన క్రిస్మస్ నాటకమే గుర్తొచ్చింది. ఒక ఏడు తూర్పు నక్షత్రం తాడు తెగి జ్ఞాని నెత్తిన పడింది. జనం నవ్వబోతుంటే నేను తెర వెనకనుంచి గొల్లవాళ్ళతో అన్నాను, "నక్షత్రమే దిగొచ్చింది, మోకరించండ్రా" అని. వాళ్ళు మోకరించారు. జనం చేతులు జోడించారు. తప్పు జరిగినప్పుడు దాన్ని బయటికి తోయకూడదు, కథలోకి లాగేయాలి.

మైకు నొక్కాను. నా గొంతు చిన్నది కదా, వినాలంటే అందరూ కదలకుండా ఉండాలి. బాక్‌లు ఆగిపోయాయి.

"బిడ్డలారా" అన్నాను, నాకొచ్చిన హిందీలో. "నేను కొండల మీద మూలికలు ఏరుకునేదాన్ని. మా కొండల్లో ఒక ఆచారం ఉంది. కొత్త దళపతి ప్రమాణం చేసే రోజు వీరులందరూ నీటిపక్షులవ్వాలి. కత్తి, కవచం, గడ్డం అన్నీ వదిలెయ్యాలి. ఏడు రోజులు అందరిముందూ అలాగే తిరగాలి. నవ్వించుకోవడానికి భయపడనివాళ్ళే యుద్ధానికి భయపడరు. ఈ బట్ట మా లోకానిదే. నేనే పెట్టాను. దళపతిగా నా మొదటి ఆజ్ఞ ఇదే, ఆఖరి ఆజ్ఞ కూడా ఇదే. స్నేహా, ప్రమాణం చెయ్యి తల్లీ."

అప్పుడు లోహసింహ, పిల్లి చెవులు చూస్తేనే మండిపడే లోహసింహ, ముందుకొచ్చి నెమ్మదిగా మోకరించాడు. రెండు బాక్‌లు. వెనకే ముప్పై ఎనిమిది మంది. అన్నీ కలిపి ఎన్ని బాక్‌లో మీరే లెక్కపెట్టుకోండి.

స్నేహ ముక్కు చీదుకుని ప్రమాణం చేసింది. ఒక్క మాట కూడా తడబడలేదు. ఆ ఏడు రోజులూ బాతు వేషంలోనే జట్టుని యుద్ధానికి తీసుకెళ్ళింది. అవతలి జట్టువాళ్ళు, పాపం, నవ్వుతూ ఉండగానే ఓడిపోయారు. తర్వాత ఇంకో జట్టువాళ్ళు వచ్చి, ఈ ఆచారం ఏ ప్రాచీన గ్రంథంలో ఉందని లోహసింహని అడిగారట. "గ్రంథాలకి ముందునుంచీ ఉంది" అన్నాడట ఆ మహానుభావుడు.

ఏడు రోజులయ్యాక వేషాలు విప్పేసినా, నేను కోటలోకి వస్తే వంగి ఆ మాట అనడం జట్టు మర్యాదగా మిగిలిపోయింది. అదీ మీరు విన్న "బాక్" కథ.

స్నేహ నాతో మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు పూణే నుంచి ఒక పార్సిల్ వచ్చింది. విప్పితే పసుపు పట్టుచీర, కనకాంబరం అంచు. ఈసారి నిజంగానే పట్టు. మీద చీటీ ఉంది. "అమ్మమ్మా, ఇప్పుడే కట్టుకోవాలి. పెట్టెలో దాచకూడదు. ఎవరికీ ఇవ్వకూడదు. ఏడు రోజులు విప్పకూడదు. నీ దళపతి ఆజ్ఞ."

ఏడు రోజులు కుదరలేదు కానీ ఆదివారం కట్టుకుని చర్చికి వెళ్ళాను. గుమ్మం దగ్గర గమ్హరియా సుశీలమ్మ ఎదురైంది. నన్ను పైనుంచి కిందదాకా చూసింది. దానికి ఈ ఆట గురించి గానీ, ప్రమాణం గురించి గానీ ఒక్క ముక్క తెలీదు.

"ఏటి వదినా" అంది, "అచ్చం బాతులాగున్నావు."

ఒట్లు పెట్టుకోకూడదని పాస్టరమ్మగారు చెప్తారు. అయినా యోసేపు వాచీ సాక్షిగా, మూడిళ్ళు తిరిగొచ్చిన నీలం చీర సాక్షిగా చెప్తున్నాను. ఈ జన్మలో ఇక కళ్ళద్దాలు లేకుండా ఎవరికీ బట్టలు పెట్టను. కళ్ళద్దాలున్నా మీ తాతయ్యని పక్కన కూర్చోబెట్టుకుని పెట్టను. వచ్చే నెల మీ ఇద్దరూ జట్టు సభ్యులుగా చేసే ప్రమాణానికి తెచ్చేవి జీడిపప్పు బిస్కెట్లు మాత్రమే. అవి ఎవరికైనా ఇచ్చుకోవచ్చు, పెట్టెలో దాచుకోవచ్చు, నా అభ్యంతరం లేదు.