గళ్ళలుంగీ బావా, నువ్వే!

నా చిన్నప్పుడు మేము గోపాలపట్నంలో ఉండేవాళ్ళం. ఎవరింట్లో పిల్లాడు తుమ్మినా వీధంతా వచ్చి పలకరించే రోజులవి. అంతమంది చుట్టూ ఉండగానే ఒక ఆదివారం మా చిన్నాన్నకి ప్రాణం మీదికి వచ్చింది.

వంటింటి పైకప్పు మారుస్తుంటే రేకు జారి ఆయన తొడ కోసుకుపోయింది. రక్తం ఆగడం లేదు. జనం మూగారు. ఎదురింటి మామ్మ గాయంలో కూరడానికి కాఫీపొడి డబ్బా పట్టుకొచ్చింది. "ఎవులైనా రిచ్చా పిలవండర్రా!" అని ఒకరంటే, "అవునర్రా, ఎవులైనా ఎల్లండి!" అని ఇంకొకరు. అరిచేవాళ్ళే తప్ప కదిలినవాళ్ళు లేరు. చిన్నాన్న ముఖం పాలిపోతోంది.

పక్కింటి అక్క గోడ దూకి వచ్చింది. ఆవిడ ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకుంటూ సెలవుకి ఇంటికొచ్చింది. ఆరేసిన తువ్వాలు మడిచి గాయం మీద గట్టిగా అదిమిపట్టి, రెండో చేత్తో వేలు చూపించింది.

"గళ్ళలుంగీ బావా, నువ్వే! ఎనక్కి సూత్తావేటి? ఎల్లి రిచ్చా తే."

ఆయన నిజంగానే వెనకెవరైనా ఉన్నారేమోనని చూశాడు. లేరని తెలిశాక లుంగీ ఎగ్గట్టి పరుగెత్తాడు. అంత లావు మనిషి అలా పరుగెత్తడం మళ్ళీ నేను చూడలేదు.

వేలు మామ్మ వైపు తిరిగింది. "ఆ పొడి దెబ్బలో ఎయ్యకు మామ్మా. కాఫీ కాసి ఉంచు, తిరిగొచ్చాక తాగుతాడు." తిరిగొస్తాడన్న ఆ ఒక్క మాటకే నాకు ఊపిరి వచ్చింది. తర్వాత నా వంతు. "గుంటా, నువ్వు మీ చిన్నాన్నతో మాటాడతానే ఉండు."

ఏం మాట్లాడాలో తోచక ఎక్కాలు అప్పజెప్పాను. పన్నెండో ఎక్కం తప్పు చెబితే, అంత నొప్పిలోనూ ఆయన సరిదిద్దాడు. రిక్షా ఎక్కేటప్పుడు కూడా అక్క తువ్వాలు మీద చెయ్యి తియ్యలేదు.

కుట్లు వేయించుకుని చిన్నాన్న తిరిగొచ్చాడు, కాఫీ తాగాడు. తన కాఫీ వల్లే బతికాడని మామ్మ వీధంతా చెప్పుకుంది. మేం కాదనలేదు.

అంతమందీ ఎందుకలా నిలబడిపోయారని అక్కని అడిగాను. "ఆళ్ళు సెడ్డోళ్ళు కారే. ఎవులైనా అంటే ఎవులికీ ఇనబడదు. నువ్వూ అంటే ఇనబడతాది" అంది. ఆ రోజు నుంచి ఆపదలో 'ఎవరైనా' అనే మాట నా నోట రాలేదు.

ఇప్పుడు మధురవాడలో ఉంటున్నాను. మొన్న మా అపార్ట్‌మెంటు ముందు ఒకమ్మాయి బండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంది. అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. "ఎవరైనా అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి" అంటున్నారు అందరూ. నా మోకాళ్ళు మాట వినవు గానీ వేలు బాగానే వింటుంది.

"ఎర్ర హెల్మెట్ బాబూ, నువ్వే!"

అతనూ ఒకసారి వెనక్కి చూశాడు. చూసి, ఫోన్ చేశాడు.

అంబులెన్సు వచ్చేదాకా ఆ అమ్మాయి పక్కన కుర్చీ వేయించుకుని ఎక్కాలు మొదలుపెట్టాను. పన్నెండో ఎక్కం మళ్ళీ తప్పాను. ఏడుస్తూనే నవ్వి, ఆ పిల్ల సరిదిద్దింది.